ఆవు ఊపిరి కొలిచిన ఏడాది

పలాసలో రైలు దిగిన రోజు నా చేతిలో రెండు పెట్టెలున్నాయి. ఒకదాంట్లో నా బట్టలు. రెండోదాంట్లో టార్చిలైటులాంటి ఒక మీటరు, దాన్ని నిలబెట్టే మూడు కాళ్ళ స్టాండు. ఆ మీటర్ని ఆవు ముక్కుకి ఎదురుగా పెట్టి మీట నొక్కితే, ఆవు వదిలే గాలిలో మీథేన్ ఎంత ఉందో చూపిస్తుంది. ఆ పని చెయ్యడానికే నన్ను అక్కడికి పంపారు.

నాకప్పటికి నలభై దాటాయి. పెళ్ళి నిలబడలేదు. అమ్మ పోయాక కాకినాడ ఇంట్లో గడియారం చప్పుడు కూడా పెద్దగా వినిపించేది. పశుపోషణ చదువుకున్నదాన్ని కాబట్టి, ఎక్కడికి పంపినా వెళ్తానని చెప్పి హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థలో చేరాను. వాళ్ళు ఉద్దానం అన్నారు. సరేనన్నాను. ఎందుకు, ఎన్నాళ్ళు అని అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు.

కాశీబుగ్గలో మేడ మీద గది దొరికింది. ఇంటివాళ్ళు విశాఖపట్నంలో ఉండేవారు. కింద గదులకు తాళాలు. వీధి చివర జీడిపిక్కలు కాల్చే బట్టీలు. పొద్దున్నే కిటికీ తెరిస్తే ఆ ఘాటు పొగ గదిలోకి వచ్చి దుప్పటికి, జుట్టుకి పట్టేది. మొదట్లో కళ్ళు మండేవి. తరవాత అలవాటైంది. ఆదివారాలు పని ఉండేది కాదు. ఆ రోజు సాయంత్రం కూరగాయలకు వెళ్ళి "వంకాయలెంత?" అని అడిగేసరికి గొంతు బొంగురుగా వచ్చేది. పొద్దుట్నుంచి ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడు తెలిసేది.

మా పని చెప్పడానికి తేలికే. ఆవు తిన్న గడ్డి దాని కడుపులోని పెద్ద సంచిలో పులుస్తుంది. కంటికి కనపడని కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఆ పని చేస్తాయి. అలా పులిసేటప్పుడు పుట్టిన హైడ్రోజన్ని కొన్ని జీవులు మీథేన్‌గా మారుస్తాయి. ఆవు దాన్ని తేన్చి బయటికి వదిలేస్తుంది. తిన్న మేతలో కొంత బలం అలా గాలిపాలైపోతుంది, ఆ గాలి పైకి వెళ్ళి భూమి వేడిని పెంచుతుంది. మేం తెచ్చిన పొడిలో వేరే రకం సూక్ష్మజీవులున్నాయి. అవి ఆ హైడ్రోజన్ని ముందుగా తీసుకుని ఆవుకి పనికొచ్చే పదార్థంగా మారుస్తాయని మా ఆశ. రోజూ పొద్దున తవుడులో కలిపి పెట్టాలి. పెట్టాక కొన్నాళ్ళకు ఊపిరి కొలవాలి.

ఇంకో సంగతి ఉంది. సగం ఆవులకే ఆ పొడి. మిగతా సగానికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్త పొడి. ఏ ఆవుకి ఏది వెళ్తుందో రైతుకీ తెలియదు, నాకూ తెలియదు. తెలిస్తే మన కళ్ళు మనల్ని మోసం చేస్తాయి. అందుకని ఆ సంగతి హైదరాబాదులోనే దాచి ఉంచారు.

వజ్రపుకొత్తూరు వైపు రెండు ఊళ్ళు, సుమ్మాదేవి దగ్గర ఒక ఊరు నా వంతు. స్కూటరు మీద వెళ్ళేదాన్ని. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఇసక దారి. తుఫానుకి పడిపోయిన కొబ్బరి మొదళ్ళు ఇంకా తోటల్లో అక్కడక్కడా ఉండేవి. వాటి పక్కనే కొత్త మొక్కలు భుజాల ఎత్తుకి వచ్చాయి.

ఆ ఇంటికి నేను వెళ్ళేసరికి ఇల్లాలు వాకిట్లో పనస తొనలు ఒలుస్తోంది. యాభై ఏళ్ళుంటాయేమో. మా పని గురించి నేను చెప్పిందంతా విన్నది. చేతికున్న జిగురుకి నూనె రాసుకుంటూ, తల ఎత్తకుండా అంది.

"ఇదివరకు మా రకతం పట్టుకెల్లినారు. ఒంటేలు పట్టుకెల్లినారు. నూతిలో నీళ్ళు, పొలంలో మట్టి, ఇంట్లో బియ్యం అన్నీ పట్టుకెల్లినారు. ఈ ఊరికి ఈ కిడ్నీల జబ్బు ఎందుకొచ్చిందో సెప్తామన్నారు. మరొచ్చి ఒక్కడూ సెప్పనేదు. ఇప్పుడు ఆవు ఊపిరి కూడా పట్టుకెల్తారేటమ్మా?"

ఆ ఊళ్ళో ప్రతి వీధిలోనూ ఆ జబ్బున్న ఇల్లుంది. వాళ్ళని ఏదైనా అడగడానికి ముందు ఎవరైనా రెండుసార్లు ఆలోచించాలి.

"ఊపిరి పట్టుకెళ్ళను, ఇక్కడే కొలుస్తాను వదినా," అన్నాను. వదినా అని ఎందుకొచ్చిందో తెలీదు, నోట్లోంచి వచ్చేసింది. "ఏం తేలిందో మీకు చెప్తాను."

"అందరూ అలాగే అంతారు."

అప్పుడు పశువుల సాల వైపు నుంచి మగ గొంతు వినపడింది. "కొలవనియ్యే. దాని ఊపిరేటి మనం అమ్ముకుంతామా?"

ఆయన నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. మొహం ఉబ్బి ఉంది. ఎడమ చేతి మీద నరం తాడులా పైకి లేచి కనిపించింది. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి అలా ఉంటుంది. ఎదురుగా కట్టేసి ఉన్న ఆవు గోధుమ రంగుది, నుదుటి మీద తెల్లమచ్చ. మంచం ఎప్పుడూ అక్కడే ఉంటుందని తరవాత తెలిసింది. ఒకప్పుడు కొబ్బరి తోట, జీడి తోట అంతా ఆయన చేతి మీదే. జబ్బు వచ్చాక తోట వేరేవాళ్ళు చూసుకుంటున్నారు. కూతుర్ని నిమ్మాడ ఇచ్చారు. భార్య పనులకి వెళ్తే ఇంట్లో ఆయనా, ఆవూ.

అలా ఆ ఆవు మా పనిలో చేరింది.

మీటరు పెట్టినప్పుడు ఆవు కదలకుండా ఉండాలి. కొత్త మనిషిని చూస్తే ఆవు తల తిప్పేస్తుంది. ఆయన లేచి వచ్చి దాని గంగడోలు నిమిరేవాడు. అది మెడ చాచి, కళ్ళు అరమూసుకుని నెమరు వేసేది. మెడలో ఒక ఉండ కిందకి దిగి, ఇంకో ఉండ పైకి వచ్చే మధ్యలో చిన్నగా తేన్చేది. అప్పుడు మీటరులో అంకె ఒక్కసారి పెరిగేది.

మొదటిరోజే ఆయన అడిగాడు. "ఎనకనుంచి వత్తాది కదా గాలి? నువ్వు మూతి దగ్గర పెట్టినావేటి?"

"ఎక్కువ నోటినుంచే వస్తుంది అన్నయ్యా. తేన్పులోంచి."

ఆయన పెళ్ళాం వైపు తిరిగి, "ఇన్నావా? ఇన్నాళ్ళూ దీన్ని ఎనకనుంచి అనుమానించీసినాం," అన్నాడు. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే మొదటిసారి.

పొడి ఎలా పనిచేస్తుందో కూడా అడిగాడు. నేను చెప్పింది విని అన్నాడు. "అంటే బంతిలో ముందు కూకున్నోడు తినీసినాడనుకో, ఎనకొచ్చినోడికి ఏటీ మిగల్దు. అంతేనా?"

"అంతే. కానీ రోజూ పెట్టాలి. మానేస్తే పాతవాళ్ళే మళ్ళీ ముందుకొచ్చి కూర్చుంటారు."

"మాదీ అంతే," అన్నాడు చెయ్యి చూపిస్తూ. "మిసను రకతం కడుగుతాది. మానీసినామా, మళ్ళీ మొదటికే."

ఆయనకి నీళ్ళు కొలత ప్రకారమే. రోజుకి ఒక చిన్న చెంబు, అంతకంటే తాగకూడదు. తాగితే ఒళ్ళు ఉబ్బి ఊపిరి ఆడదు. దాహం వేస్తే నోట్లో ఏలక్కాయ వేసుకునేవాడు. కుడితి గోలెంలో ఆవు మూతి పెట్టి గుటగుటా తాగుతుంటే, ఆయన కళ్ళు ఆ నీటి మీదే ఉండేవి. గోలెం అడుగు కనిపించేదాకా చూసేవాడు. ఆవు తల ఎత్తి మూతి నాక్కుంటే, "తాగీసినావా," అని దాన్నే అడిగేవాడు. అసూయ ఉండేది కాదు ఆ గొంతులో. తన తరఫున అది తాగినట్టే ఉండేది. అలాంటప్పుడు నేను మీటరు సర్దుకుంటూ అటు చూసేదాన్ని కాదు.

మిగతా ఇళ్ళలో నా పని తొందరగా అయిపోయేది. పొడి ఇచ్చి, కొలిచి, వెళ్ళొస్తానని చెప్పి వచ్చేదాన్ని. ఇక్కడ మాత్రం స్కూటరు తాళం చేతిలో పెట్టుకునే ఇంకాసేపు నిలబడేదాన్ని. ఆయన మాట్లాడేవాడు. ఏ చెట్టు ఏ తుఫానుకి పడింది, ఏ పనస ఏ నెలలో పండుతుంది, సముద్రం హోరు దగ్గరగా వినిపిస్తే గాలి ఎటు తిరిగినట్టు. నేను వినేదాన్ని. నాతో మాట్లాడేవాళ్ళు లేక నేనూ, తనతో కూర్చునేవాళ్ళు లేక ఆయనా అలా కాలక్షేపం చేశాం. అయితే అప్పుడు అలా అనుకోలేదు. ఆవు కుదురుగా ఉండే ఇల్లని అనుకునేదాన్ని.

ఒకరోజు మీటరు సర్దుతుంటే అడిగాడు. "నా ఊపిరి కూడా కొలుత్తావా?"

పెట్టి చూపించాను. గట్టిగా ఊదాడు. మీటరు సున్నా చూపించింది.

"ఏటి వచ్చినాది?"

"ఏమీ లేదన్నయ్యా. సున్నా."

"సూసినావే," అన్నాడు భార్యతో, "నా వల్ల లోకానికి ఏ నట్టమూ నేదు."

ఆవిడ వంటింటి గుమ్మంలోంచి అంది. "లోకానికి నేదులే."

ఆయన నవ్వాడు, నవ్వితే దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగేదాకా ఆవిడ వచ్చి వీపు రాసింది.

వాళ్ళ ఆవుకి అసలు పొడే వస్తోందని ఆయనకి గట్టి నమ్మకం. పాల మీద మీగడ కట్టే తీరు మారిందనేవాడు. ఆవు ఒంటి మీద నిగారింపు వచ్చిందనేవాడు. వీధిలో వెళ్ళేవాళ్ళని పిలిచి చూపించేవాడు. "నాకే తెలీదు అన్నయ్యా, మీకెలా తెలుస్తుంది?" అని నేను చాలాసార్లు చెప్పాను. "నీకు తెలీకపోనాది గానీ ఆవుకి తెలుసు," అనేవాడు.

వానాకాలంలో నాకు జ్వరం వచ్చింది. మొదటిరోజు మాత్ర వేసుకుని పడుకున్నాను. రెండోరోజుకి లేవలేకపోయాను. గదిలో మంచినీళ్ళ డబ్బా ఖాళీ అయింది. కిందికి దిగి తెచ్చుకునే ఓపిక లేదు. కిటికీలోంచి జీడిపిక్కల పొగ వస్తోంది. లేచి మూయడానికి కూడా మనసు రాలేదు. పైకి చూస్తూ పడుకుని, ఇప్పుడు నాకేదైనా అయితే ముందుగా ఎవరికి తెలుస్తుందని ఆలోచించాను. ఆఫీసు వాళ్ళకి వారం చివర లెక్కలు పంపకపోతే తెలుస్తుంది. అంతకంటే ముందు ఎవరికీ తెలియదు. భయం కలగలేదు. చల్లని నేల మీద కాలు పెట్టినట్టు అనిపించింది, అంతే.

ఫోను మోగింది.

"రానేదేటమ్మా?" వదిన గొంతు. "నిన్నా రానేదు, ఈ రోజూ రానేదు. ఆవు దారికేసి సూత్తంది."

ఆవు చూడటం లేదని ఇద్దరికీ తెలుసు. జ్వరమని చెప్పాను.

"ఏటి తిన్నావు?"

"తిన్నాను వదినా," అన్నాను.

మర్నాడు ఆయన డయాలసిస్ రోజు. పొద్దున పలాస వచ్చినవాళ్ళు ఆటోని మా వీధికి తిప్పించారు. మెట్లు ఎక్కలేక ఆయన కింద అరుగు మీద కూర్చున్నాడు. వదిన ఒక్కతే ఎక్కి వచ్చింది. చేతిలో గంజి ఉన్న స్టీలు క్యాను, రెండు కొబ్బరి బొండాలు. గది అంతా ఒకసారి చూసింది. ఒకటే కంచం, ఒకటే గ్లాసు, ఒకటే కుర్చీ. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, గ్లాసులో గంజి పోసి, తాగేదాకా ఎదురుగా నిలబడింది. కిటికీ మూసింది. కింద నుంచి నీళ్ళ డబ్బా మోసుకొచ్చి పెట్టింది.

"ఆయనకి వేళ అయిపోతాది," అని వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "ఫోను దగ్గరెట్టుకో. రేపు సేత్తాను."

కిటికీ రెక్క కొంచెం తీసి కిందకి చూశాను. ఆయన అరుగు మీద నుంచి పైకి చూస్తున్నాడు. చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను. ఆయనకి నిషేధమైన కొబ్బరినీళ్ళు ఆ రోజంతా నేను తాగుతూ ఉన్నాను. తన తోటలోవేనని, ఏ చెట్టువి కొయ్యాలో కూడా ఆయనే చెప్పాడని తరవాత తెలిసింది.

చలికాలం మొదట్లో మీటరు సరిచూపించుకోవడానికి హైదరాబాదు రమ్మన్నారు. కొన్నాళ్ళు అక్కడే ఉంచారు. ఈలోగా పొడి మాత్రం రైతులే కలుపుతున్నారు. ఫోను చేసి కనుక్కుంటూనే ఉన్నాను. వదిన "అంతా బాగానే ఉన్నాదమ్మా," అనేది. ఒకసారి ఆయనకిమ్మంటే, పడుకున్నాడంది. రెండోసారి చేస్తే ఎత్తలేదు.

తిరిగి వచ్చిన మర్నాడే ఆ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో ముగ్గు లేదు. సాలలో నులక మంచం నిలబెట్టి గోడకి చేర్చి ఉంది. వదిన గుమ్మంలో కూర్చుంది. మెడ బోసిగా ఉంది. పక్కన నిమ్మాడ నుంచి వచ్చిన కూతురు బియ్యం ఏరుతోంది.

"ఎల్లిపోనాడమ్మా," అంది వదిన.

నేను స్కూటరు స్టాండు వెయ్యకుండానే పట్టుకుని నిలబడ్డాను.

"మిసను మీంచి దించీసరికి సెమటలట్టీసినాయి. అక్కడే. పదో రోజు కూడా అయిపోనాది. నీకు సెప్పాలనుకున్నాను. దూరంలో ఉన్న మనిసివి, ఒక్కదానివి ఉంతావు, ఇని ఏటి సేత్తావని సెప్పనేదు."

స్కూటరు ఎలా నిలబెట్టానో, ఎలా వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నానో గుర్తులేదు. కూతురు లేచి లోపలికి వెళ్ళింది. మేమిద్దరం వాకిలి వైపు చూస్తూ కూర్చున్నాం. వీధిలో ఎవరో సైకిలు మీద చేపలమ్ముకుంటూ వెళ్ళారు. నాకు ఏడుపు వచ్చింది. ఆ ఇంటికి నేను ఏమీ కాను, ఏడవడానికి హక్కుందో లేదో అనిపించింది. ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసింది.

కాసేపయ్యాక ఆవిడే అంది. "కొలుత్తావా మరి? కొలువు. దానికేటి తెలుసు."

మీటరు బిగించాను. ఆవు కుదురుగా నిలబడలేదు. తల విదిలించింది, పలుపు లాగింది, మంచం ఉండే చోటు వైపు మూతి చాచింది. వదిన వచ్చి గంగడోలు నిమిరింది. ఆవిడ చెయ్యి దానికి కొత్త. చాలాసేపు పట్టింది. చివరికి అది నెమరు మొదలుపెట్టి, ఒక్కసారి తేన్చింది. అంకె పెరిగి తగ్గింది. ఆ రోజు కొలత పనికొస్తుందో లేదో నాకు తెలియదు. రాసి పంపాను.

ఎండాకాలానికి మా పని పూర్తయింది. కాశీబుగ్గ గది ఖాళీ చేశాను. ఒక పెట్టెలో బట్టలు, ఒక పెట్టెలో మీటరు. వెళ్ళేముందు వదిన దగ్గరికి వెళ్తే, జీడిపప్పు పొట్లం చేతిలో పెట్టి, "మరి రావులే," అంది. నిష్ఠూరంగా అనలేదు. జరిగేది చెప్పినట్టు అంది.

హైదరాబాదులో కొన్ని నెలల తరవాత లెక్కలు తేలాయి. సమావేశంలో తెర మీద చూపించారు. అసలు పొడి తిన్న ఆవుల్లో మీథేన్ తగ్గింది. మేం ఆశపడినంత కాదు, అయినా తగ్గిందని నమ్మకంగా చెప్పగలిగినంత తగ్గింది. పాలు తగ్గలేదు. ఆవులకి హాని జరగలేదు. పొడి మానేశాక కొన్నాళ్ళకు మళ్ళీ పాత స్థితికే వచ్చాయి. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను. ఆ తరవాత ఏ ఆవు ఏ గుంపులోదో బయటపెట్టారు. తెల్లమచ్చ ఆవు ఉత్త పొడి తిన్న గుంపులో ఉంది.

రైతులకి ఈ సంగతి ఎలా చెప్తామని మా పై అధికారిని అడిగాను. ఆయన మంచివాడే. "అందరి ఫోన్లకీ ఒక సందేశం పంపిద్దాం," అన్నాడు. వదినకి చదవడం రాదు. నేను సెలవు పెట్టి పలాస రైలెక్కాను.

వెళ్ళేసరికి ఆవిడ సాలలో పేడ ఎత్తుతోంది. నన్ను చూసి తట్ట కింద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. ఆవు పక్కన దూడ ఉంది. అదీ గోధుమ రంగుదే.

"ఏటమ్మా, ఇలా వచ్చీసినావు?"

"తేలింది వదినా. చెప్పడానికి వచ్చాను."

ఆవిడ కాసేపు నన్నే చూసింది. తరవాత చాప తెచ్చి వాకిట్లో వేసింది. పక్కింటి ఆడవాళ్ళని ఇద్దరిని కేకేసింది. వాళ్ళ ఆవులూ మా పనిలో ఉన్నవే. ముగ్గురూ కూర్చున్నాక చెప్పాను. తగ్గిందని చెప్పాను. ఎంత ఆశపడ్డామో, ఎంత వచ్చిందో చెప్పాను. పొడి ఇప్పుడే బజారులోకి రాదని, ఇంకా పరీక్షించాలని చెప్పాను. పక్కింటివాళ్ళిద్దరి ఆవులకీ అసలు పొడే వచ్చిందన్నాను. పక్కింటావిడ "అయితే మా ఆవుకి పనిసేసినాదన్నమాట," అని తృప్తిగా లేచి వెళ్ళింది. ఆవిడ వెనకే రెండో ఆవిడా వెళ్ళింది.

"మరి మాది?" అంది వదిన.

రైల్లో రాత్రంతా ఈ మాట ఎలా చెప్పాలా అని ఆలోచించాను. చివరికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "మీ ఆవుకి వచ్చింది ఉత్త పొడి వదినా. అందులో ఏమీ లేదు. ఏమీ లేని ఆవులు కొన్ని ఉండకపోతే, పొడి వల్ల తగ్గిందో ఊరికే తగ్గిందో తేల్చలేం. అందుకని మీ ఆవు లేకపోతే ఈ సంగతి తేలేది కాదు."

ఆవిడ ఆవు వైపు చూసింది. దూడ పొదుగు కుమ్ముతోంది.

"ఆయన ఊరందరికీ సెప్పీసినాడు. మీగడ మారిపోనాదనీసి."

"అవును."

"నీకు తెల్దా అప్పటికి?"

"తెలీదు వదినా. నిజంగా తెలీదు."

"మంచిదే. తెలుత్తే నీ మొకంలో కనిపించీసును." కొంగుతో మూతి తుడుచుకుంది. అది నవ్వో ఏడుపో నాకు అందలేదు. "పోనీలే. రోజూ పొద్దున్నే లెగిసి ఆ పొడి తనే కలిపీవోడు. నన్ను ముట్టనిచ్చీవోడు కాదు. ఆకర్న నాలుగు నెలలు ఆయనకి అదొక పని."

ఆ పూట నన్ను వెళ్ళనివ్వలేదు. అన్నం, పనసపొట్టు కూర పెట్టింది. తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. మధ్యాహ్నం గాలి తిరిగి సముద్రం హోరు దగ్గరగా వినిపించింది. ఇద్దరం విన్నాం. పొద్దు తిరిగాక దూడని కట్టేస్తూ ఆవిడ అడిగింది.

"మళ్ళీ ఎడతారా ఈ పరీచ్ఛ?"

"పెట్టొచ్చు. ఇంకో ఏడాదికేమో."

"మా ఆవుని రాసుకో."

"ఈసారి కూడా ఉత్త పొడే రావచ్చు వదినా. ఏదొస్తుందో నాకు తెలియనివ్వరు."

"రానీ. ఏదో ఒకటి కలుపుతాను. నువ్వు వత్తావు కదా," అంది.

రాత్రి ఆవిడ దగ్గరే పడుకుని, మర్నాడు సుమ్మాదేవి ఊరికి వెళ్ళాను. అక్కడ మా పనిలో ఉన్న రైతుల్లో చాలామంది వరి కోతల్లో ఉన్నారు. ఒక ముసలాయన మాత్రం ఇంటి దగ్గర దొరికాడు. అంతా చెప్పాను. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నాడు.

"మాదానికి ఏది?" అన్నాడు.

"మీ ఆవుకి అసలు పొడే బాబూ. బాగా తగ్గింది."

"అలాగా," అన్నాడు. చేతికర్ర అందుకుని, "ఆవుని అమ్మీసినాం," అని లోపలికి వెళ్ళిపోయాడు.

పొలాలకి వెళ్ళి మిగతావాళ్ళకి గట్టు మీద నుంచే చెప్పాను. ఒకరిద్దరు కొడవలి ఆపి విన్నారు. మిగతావాళ్ళు కోస్తూనే విన్నారు.

సాయంత్రం పాసింజరు కోసం సుమ్మాదేవి స్టేషన్లో కూర్చున్నాను. చిన్న స్టేషను. సిమెంటు బల్ల మీద నేను, పక్కన కొబ్బరికాయల గోనెతో ఒక ఆడమనిషి. ఆగని రైళ్ళు రెండు దుమ్ము రేపుకుంటూ పోయాయి. హైదరాబాదులో నా గదికి నేనే తాళం తీసి, నేనే దీపం వెయ్యాలి. దాన్ని తలుచుకుంటే గుండెలో అదే చల్లదనం. అది ఎక్కడికీ పోలేదు.

పక్కనున్నామె నా చెప్పుల ఇసక చూసి అడిగింది. "ఎవులింటికొచ్చినావమ్మా?"

"మా వదినగారింటికి," అన్నాను.

"ఏ ఊరు?"

ఊరి పేరు చెప్పాను. ఆమె తల ఊపి, గోనె సర్దుకుని, నేను బాగా కూర్చోవడానికి కాస్త పక్కకి జరిగింది.